ఒక ఇంట్లో గూళ్లు దిగాలంటే ఊరంతా బాగుండాల



కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల మా తెలుగు ఇండ్లలో తాతల కాలం నుంచీ పురుగు మేపుతున్నాము. హొసూరు, డెంకణికోట వైపు ఉండే మన వాళ్లకూ ఇదే పని. ప్రతిసారీ గూళ్ల రేటు, ఆకు తెగుళ్లు, కొత్త రకాలు అని రాసుకుంటూ ఉంటాము. ఈసారి ఇరుగు పొరుగు గురించి రాస్తున్నాము. అది కూడా మన పంటలో భాగమే కాబట్టి.

రాగి చేను ఒకరిది ఎండితే పక్కవాళ్లది ఎండాలని లేదు. పట్టు పురుగు అట్లా కాదు. పక్కింటి రోగం గాలిలో, కాళ్ల దుమ్ములో, కోడి రెట్టలో మనింటికి వస్తుంది. మనం మూసుకున్న తలుపు ఒక్కటే చాలదు.

దీనికి ఊజి ఈగ కంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు. 1980కి ముందు కర్ణాటకలో ఊజి అనే మాటే లేదు. పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన గూళ్లతో అది ఇక్కడికి దిగింది. ఒక్క ఈగ వందల గుడ్లు పెడుతుంది. పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టిన చోట నల్ల మచ్చ పడుతుంది. ఎక్కడో ఎవరో చూసీ చూడకుండా పంపిన సరుకుతో వచ్చిన ఈగకు ఇన్నేళ్లుగా మనమందరం వల కట్టుకుంటూనే ఉన్నాము.

*రోగం పురుగు వీధిలోకి పోరాదు*

పాలుకారు రోగం వచ్చిన పురుగు చర్మం చిట్లి పాల లాంటి నీళ్లు కారుస్తుంది. ఆ నీళ్లలో ఉండే రోగకణాలు దుమ్ములో, మట్టిలో చాలా కాలం బతికే ఉంటాయి. అట్లాంటి పురుగులను చేటలో ఏరి దిబ్బ మీదికి విసిరేస్తే కోళ్లు తింటాయి. అవే కోళ్లు నాలుగిండ్ల షెడ్ల ముందర తిరుగుతాయి. ఇంక చెప్పాల్సిందేముంది?

మా వీధిలో పెట్టుకున్న కట్టుబాటు ఇది. ప్రతి షెడ్డులో మూత ఉన్న ఒక బకెట్టు, అందులో బ్లీచింగ్ కలిపిన సున్నపు నీళ్లు. రోగం పురుగును పుల్లతో ఏరి అందులోనే వేయాల. సాయంత్రం ఊరి బయట తవ్విన గుంతలో పోసి మన్ను కప్పాల. గుంత అందరికీ ఒకటే, తవ్వేది వంతుల వారీగా. రోగం వచ్చిందని దాచిపెట్టకుండా పక్కింటికి చెప్పడం కూడా కట్టుబాటే. మొదట్లో చెప్పడానికి సిగ్గు పడేవాళ్లు. ఇప్పుడు "అక్కా, మా ఇంట్లో పాలు కారుతున్నాయి, ఇటు రావద్దు" అని వాళ్లే గడప అవతల నుంచి చెబుతారు. అట్లా చెప్పిన ఇంటిని ఎవరూ తక్కువగా చూడరు. ఇది చాలా ముఖ్యం. తక్కువగా చూస్తే మళ్లీ దాచడం మొదలవుతుంది.

పంట దిగినాక కడుగుడు కూడా వీధంతా ఒకే వారంలో చేస్తాము. 100 లీటర్ల నీళ్లకు 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాములు నీళ్లు చల్లి విరిచిన సున్నం. ముఖానికి గుడ్డ కట్టుకుని గోడలు, నేల, స్టాండ్లు, చంద్రికలు తడిసి కారేలా కొట్టాల. పాత బ్లీచింగ్ ఘాటు పోయి ఉంటే పనిచేయదు, కాబట్టి అందరికీ కలిపి తాజాగా ఒకేసారి తెస్తాము. కొట్టే మిషను కూడా వీధికి ఒకటే. దానికి పసుపు రంగు పూసిపెట్టాము. పసుపు మిషనులో టమాటా మందు పోయరాదు అని చిన్న పిల్లోళ్లకు కూడా తెలుసు. పురుగుల మందు పోసిన మిషను ఎంత కడిగినా నమ్మేదానికి లేదు.

*మందు కొట్టే ముందు ఒక మాట*

కోలారు అంటే పట్టు ఎంతో టమాటా అంత. రెండూ పక్కపక్క గట్ల మీదే ఉంటాయి. టమాటాలో కాయతొలిచే పురుగుకు కొట్టే మందు గాలికి వచ్చి మల్బరీ మీద పడితే, మన పురుగు కూడా పురుగే, దానికి వేరే చట్టం లేదు. ఆకు తిన్న కొంచెం సేపటికే తల ఊపుతుంది, కక్కుతుంది, పడిపోతుంది. ఇప్పుడు వచ్చే కొన్ని కొత్త మందులు చాలా కొంచెం పడినా చాలు.

టమాటా వేసేవాళ్లు మనకు శత్రువులు కారు. చాలా ఇండ్లలో రెండూ వేస్తారు. వాళ్ల పంట వాళ్లు కాపాడుకోవాల్సిందే. కాబట్టి గొడవ పెట్టుకోకుండా మాట పెట్టుకున్నాము. మందు కొట్టే ముందు రోజు ఫోను చేస్తారు: "అన్నా, రేపు పొద్దున కొడతాను, ఆకు కోసుకో." మనం రెండు పూటలకు సరిపడే ఆకు ముందే కోసి తడి గుడ్డ కప్పుకుంటాము. వాళ్లు గాలి లేని తెల్లవారుజామునే కొడతారు. గట్టు పక్క సాళ్ల ఆకు మనం పురుగుకు వేయము. దానికి బదులుగా వాళ్లకు కూలీలు చిక్కని రోజు టమాటా కోతకు మనింటి నుంచి ఒక మనిషి పోవాల. మాట ఒక పక్క నుంచే ఉంటే నిలవదు.

*దోమల పొగ వచ్చిన రోజు*

మా ఊళ్లో అన్నిటికంటే కష్టమైన సంగతి ఇది. వానాకాలంలో ఒక వీధిలో పిల్లోళ్లకు డెంగీ జ్వరం వచ్చింది. సాయంత్రం పొగ మిషను తెచ్చి వీధులన్నీ కొట్టారు. దోమను చంపే పొగ పట్టు పురుగును వదులుతుందా? నాలుగో జ్వరం లేచి ఆకు మీద ఉన్న పురుగులు రెండిండ్లలో తెల్లవారేసరికి పోయాయి. ఆ రెండిండ్లలో ఒకటి ఒంటరి ఆడమనిషిది, ఇద్దరు బిడ్డలున్నారు.

ఊరు రెండుగా చీలే పరిస్థితి వచ్చింది. "పొగ కొట్టరాదు" అని పురుగుల వాళ్లు. "మా పిల్లోడి కంటే నీ పురుగు ఎక్కువనా?" అని అవతలి వాళ్లు. నిజమే కదా. పిల్లోడి కంటే పురుగు ఎక్కువ కాదు. పొగ వద్దని అనే హక్కు మనకు ఉండాలంటే పొగ అక్కరలేకుండా చేసే బాధ్యత కూడా మనదే కావాల.

డెంగీ దోమ ఎక్కువగా మంచి నీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ అయ్యేదానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికి ఒకసారి నీళ్లు పారబోసి, పాత్ర లోపల రుద్ది, ఎండబెడితే చాలు. శనివారం పొద్దున పురుగుకు ఆకు వేసినాక వీధికి ఇద్దరు బయలుదేరతారు. తొట్లు, పాత టైర్లు, టెంకాయ చిప్పలు, డ్రమ్ములు చూస్తారు. మొదట పురుగుల షెడ్లలో చూస్తారు. ఎందుకంటే షెడ్డులో చల్లదనానికి నీళ్ల తొట్లు, చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేది మనమే. పంచాయితీలో కూడా చెప్పి పెట్టాము: పొగ కొట్టక తప్పకపోతే ముందు రోజు చెప్పండి, తలుపులు మూసి, కిటికీలకు తడి గోనె పట్టాలు కడతాము.

ఆ రెండిండ్లకు ఊరు ఏమి చేసింది అని అడుగుతారు. డబ్బు పెద్దగా ఎవరి దగ్గర ఉంది? తలా కొంచెం చాకీ పురుగు, తలా కొంత ఆకు ఇచ్చి తరువాతి పంట పెట్టించాము. టమాటా వాళ్లు కూడా ఎరువు ఇచ్చారు.

*ముయ్యి పని, ఆకు బదులు*

100 గుడ్లకు 40 వేల పైన పురుగులు. మేసే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా చివరి దశలోనే మేస్తాయి. ఆ వారంలో ఆకు తగ్గితే పంట తగ్గినట్టే. పురుగు పండితే ఒక పగలు, ఒక రాత్రిలో అన్నీ ఏరి చంద్రికలకు ఎక్కించాల. ఆ రోజు కూలికి మనుషులు ఎక్కడ దొరుకుతారు?

అందుకే ముయ్యి. నువ్వు మా ఇంటికి ఒక రోజు, నేను మీ ఇంటికి ఒక రోజు. అందరికీ ఒకే రోజు పండితే ముయ్యి నడవదు కాబట్టి, మా వీధి వాళ్లు చాకీ రెండు దఫాలుగా తెస్తాము, మూడు రోజుల తేడాతో. మొదటి దఫా ఇండ్లకు రెండో దఫా వాళ్లు పోతారు, తరువాత వీళ్లు వాళ్లకు. కూలి లేదు, సంగటి ముద్ద, చారు, మజ్జిగ ఉంటాయి. ఆకు బదులు తూకంతోనే. పాల డైరీ తక్కెడలో తూచి నోటు పుస్తకంలో రాస్తాము. స్నేహం స్నేహమే, లెక్క లెక్కే.

*పారేసేది ఏముంది?*

రోగం లేని పంటలో పారేసేది దాదాపు ఏమీ ఉండదు. మిగిలిన ఆకు ఆవుకు, కట్టెలు పొయ్యికి, లద్దె ఎరువు గుంతకు. ఆ ఎరువు మళ్లీ మల్బరీకే పోతుంది. ప్లాస్టిక్ సంచులు, మందు డబ్బాలు మాత్రం రాజకాలువలో పడరాదు.

కాలువ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు కోలారు జిల్లా చెరువులకు వస్తున్నాయి. కానీ వాన నీళ్లు చెరువుకు రావాలంటే మన కాలువే తెరిచి ఉండాల. వెనకటి కాలంలో నీరుగంటి చూసుకునేవాడు. ఇప్పుడు ఇంటికొక మనిషి వానలకు ముందు ఒక రోజు పారపట్టాల. వెయ్యి అడుగులు దాటిన బోర్ల నుంచి తోడుకునే మనకు ఆ ఒక్క రోజు బరువు కాదు.

తరువాతి చాకీ తెచ్చే ముందు మూడు పనులు చేద్దాం. గట్టు పక్కవాళ్ల ఫోను నంబరు గోడ మీద రాసుకుందాం. మూత ఉన్న బకెట్టు ఒకటి షెడ్డులో పెడదాం. శనివారం వంతు ఎవరిదో తేల్చుకుందాం. మీ ఊళ్లో వేరే కట్టుబాట్లు ఉంటే రాసి పంపండి, వచ్చే సంచికలో అందరం చదువుకుందాం.

అందరి ఇండ్లలో గూళ్లు గట్టిగా దిగాల.