తెలివి ఉండీ చదవలేని పిల్లలు

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నుండి పిల్లలను వెంటబెట్టుకుని నా వద్దకు వచ్చే తల్లిదండ్రులు తరచుగా చెప్పే మాట ఒకటుంది. “కథ చెబితే పొల్లుపోకుండా అప్పజెబుతాడు. నోటిలెక్క అడిగితే ఇట్టే చెబుతాడు. పుస్తకం ముందు పెడితే మాత్రం నోరు పెగలదు. జ్ఞాపకశక్తికి ఏదైనా మందివ్వండి, డాక్టరుగారూ!” కొందరు అప్పటికే సారస్వతారిష్టం రెండు మూడు సీసాలు వాడి ఉంటారు. ఇటువంటి పిల్లలలో కొందరికి ఉన్నది మతిమరుపూ కాదు, సోమరితనమూ కాదు. దానిని డిస్లెక్సియా అంటారు.

కారణాలు

1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఆంగ్ల వైద్యుడు పద్నాలుగేళ్ల బాలుని గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ బాలుడు చురుకైనవాడు, చూపూ బాగున్నది. అయినా తన పేరునే అక్షరాలు తారుమారు చేసి రాసేవాడు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో ముడిపెట్టే పనిని మెదడు ఎడమ అర్ధభాగంలోని కొన్ని ప్రాంతాలు ప్రధానంగా నిర్వహిస్తాయి. డిస్లెక్సియా ఉన్నవారిలో ఈ పని కష్టంగా, నెమ్మదిగా సాగుతుంది. ఇందులో వంశపారంపర్యం పాత్ర ఎక్కువ. పెంపకంలో లోపం గాని, తెలివితక్కువతనం గాని దీనికి కారణం కాదు.

లక్షణాలు

తెలుగులో చాలావరకు రాసినట్లే పలుకుతాము. కావున ఈ పిల్లలు తెలుగును తప్పులతో చదవడం కంటే కూడబలుక్కుంటూ మిక్కిలి నెమ్మదిగా చదవడం ఎక్కువగా కనిపిస్తుంది. గుణింతాలు, ఒత్తులు జారవిడుస్తారు. ప–వ, మ–య వంటి అక్షరాల వద్ద తడబడతారు. ఇంగ్లీషులో రాత ఒకటి, పలుకు మరొకటి. అందువల్ల ఇంగ్లీషు మీడియంలో చేర్చిన తరువాతనే ఇబ్బంది బయటపడడం కద్దు.

మూడు, నాలుగు తరగతులు దాటాక సైన్సు, సాంఘికం, చివరకు లెక్కలు సైతం చదివి గ్రహించవలసినవే. చదవడం దగ్గర ఆగిన బిడ్డ అన్నిటా వెనుకబడతాడు. ఆపైన ‘మొద్దు’ అన్న పేరు, దెబ్బలు, కడుపునొప్పి వంకతో బడి ఎగవేత.

చేయవలసినది

దీనిని నయం చేసే మందు ఆయుర్వేదంలో గాని, అల్లోపతిలో గాని లేదు. లేహ్యాలు, వసకొమ్ము, బాదంపప్పు అక్షరాన్ని ధ్వనితో ముడిపెట్టలేవు. మందులతో గడిపిన రెండేళ్లు బిడ్డ చదువులో తిరిగి రావు.

ముందుగా చూపు, వినికిడి పరీక్ష చేయించండి. ఇంటి వద్ద రోజూ పావుగంట కేటాయించండి. పళ్లెంలో బియ్యమో ఇసుకో పోసి, ఒక్కొక్క అక్షరాన్ని వేలితో రాయిస్తూ పైకి పలికించండి. వీధిబడులలో ఇసుకలో ఓనమాలు దిద్దించినది ఈ తీరుగానే. అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్‌ల పేర వెలసిన బోధనా పద్ధతిలోనూ కన్ను, చెవి, చేయి కలిసి పనిచేయడమే కీలకం. ‘కమల’ వంటి మాటను క–మ–ల అని చప్పట్లతో విడదీయించండి. పాఠాలను మీరే చదివి వినిపించండి.

ఈ లక్షణాలను మొదట పసిగట్టగలవారు ఉపాధ్యాయులే. డీఎస్సీ శిక్షణకు పేరొందిన అవనిగడ్డ మన దివిసీమలోనే ఉన్నది. అక్కడ చదివి పంతులయ్యే ప్రతివారికీ ఈ విషయం తెలిసి ఉండాలి. నిర్ధారణ మాత్రం క్లినికల్ సైకాలజిస్టు చేయాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలను గుర్తించింది. ధ్రువపత్రం ఉన్న విద్యార్థి నిబంధనల మేరకు పరీక్షలలో అదనపు సమయం, లేఖకుని సహాయం కోరవచ్చు.

రెండో తరగతి పూర్తయినా బిడ్డ గుణింతాల దగ్గరే తడబడుతుంటే ‘పెద్దయితే వాడికే వస్తుంది’ అని ఊరుకోకండి. కోప్పడకుండా, వెంటనే చూపించండి.