మీకు తెలుసా? మూసీ వరద లెక్క శంషాబాద్ దగ్గరుంది

1908 హైదరాబాద్ వరద అనగానే అఫ్జల్‌గంజ్, పురానాపూల్ గుర్తొస్తాయి. ఆ నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయన్నది మాత్రం తక్కువమందికి తెలుసు. అందులో కొంత, ఎయిర్‌పోర్టుకు పోతూ మనం కారు కిటికీలోంచి చూసే నేల మీదిదే.

● 48 గంటలు, 18.9 అంగుళాలు
1908 సెప్టెంబర్ చివర్లో కురిసిన వానకు శంషాబాద్ వర్షమాపకంలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. అంటే దాదాపు 48 సెంటీమీటర్లు. సెప్టెంబర్ 28న మూసీ నగరం మీద పడింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. 

● ఎకరానికి 130 ట్యాంకర్లు
12.8 అంగుళాల వాన ఒక్క ఎకరం మీద పడితే 13 లక్షల లీటర్ల నీరు. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే 130! ఎయిర్‌పోర్టు విస్తీర్ణం దాదాపు 5,500 ఎకరాలు. అదే వాన దాని మీద కురిస్తే ఒక్కరోజులో పావు టీఎంసీ. అదంతా పల్లం వెతుక్కుంటూ ఎటో ఒకవైపు పోవాల్సిందే.

● కొండ మీద పుట్టిన నది
మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. దాని ఉపనది ఈసీ శంషాబాద్ పక్క నుంచి వచ్చి, లంగర్‌హౌస్ బాపూఘాట్ దగ్గర మూసీలో కలుస్తుంది. ఇక్కడిది రాతి నేల. మట్టి ఒకసారి తడిసిందంటే ఆ పైన పడిన వాన ఇంకదు, పరుగెడుతుంది. వేసవిలో మోకాలు తడవకుండా దాటే వాగు ఒక్క రాత్రిలో మనిషిని నిలవనివ్వదు.

● తెగిన చెరువులు 221
వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలుపు మీద 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని లెక్క తేల్చారు. ఇవి గొలుసుకట్టు చెరువులు. పైది నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. మామూలు ఏడాదిలో ఇది వరం. మత్తడి మోయలేనంత నీరొస్తే మాత్రం కట్ట మీద నుంచి పొర్లుతుంది. మట్టికట్టకు అదే చావు. పొర్లే నీరు వెనక వాలు మీద మొదట వేలెడు చాలు కోస్తుంది. అది కాసేపట్లో మూరెడు వెడల్పవుతుంది. ఆ తర్వాత కట్టే కూలుతుంది. పై చెరువు నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు, తెగిన కట్టలు కూడా.

● దాహం తీర్చే ముందు వరద ఆపాలని
మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మంచినీటి జలాశయాలుగానే మనకు తెలిసిన ఈ రెండూ వరదను పట్టి ఆపేందుకు వేసిన పథకం నుంచి పుట్టినవి. హిమాయత్‌సాగర్‌లో పట్టేది దాదాపు 3 టీఎంసీలు, గేట్లు 17. ఎగువన కొత్త వరద వస్తుందని తెలిసినప్పుడు అందులో కొంత ఖాళీ ఉండాలి. నిండుకుండలో ఇంకో చెంబెడు నీళ్లు పట్టవు.

● రహదారే వాగైన రాత్రి
2020 అక్టోబర్ 13 రాత్రి కుండపోతకు శంషాబాద్ దారిలోని గగన్‌పహాడ్ అప్ప చెరువుకు గండిపడింది. నీళ్లు బెంగళూరు హైవేని కోసేశాయి. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఎయిర్‌పోర్టు వైపు రాకపోకలు ఆగిపోయాయి. చెరువులోకి చొచ్చుకొచ్చిన కట్టడాలను 2024లో ప్రభుత్వ సంస్థ హైడ్రా తొలగించింది. 1908లో 221 చెరువులు నేర్పిన పాఠాన్నే 112 ఏళ్ల తర్వాత ఈ ఒక్క చెరువు మళ్లీ చెప్పింది.

● ప్లాటు కొనేముందు
శంషాబాద్ చుట్టుపక్కల ఇల్లో, జాగో కొంటున్నారా? ఆఫీసు కాగితాలతో ఆగకండి. గ్రామ నక్షా తీయించి చెరువు శిఖం (నిండినప్పుడు నీరు నిలిచే నేల) ఎక్కడిదాకా ఉందో, వాగు గీత ఎటు పోతోందో చూసుకోండి. నిండు వానాకాలంలో ఒకసారి ఆ జాగకు వెళ్లిరండి. ఊళ్లో పెద్దాయన ఎవరైనా కనిపిస్తే, "తాతా, ఈ చెరువు మత్తడి దుంకితే నీళ్లు ఎటు పోయేవి?" అని అడగండి. ఆయన చెయ్యి చూపిన దిక్కున మీ గుమ్మం ఉండకూడదు.