మిగిలిన ఫైబర్ వైరును కత్తిరించాలా?

ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకున్న చాలా ఇళ్లలో బాక్సు వెనక పది, ఇరవై మీటర్ల వైరు చుట్టగా మిగిలిపోతుంది. హాల్లోంచి పడగ్గదికి బాక్సు మార్చేటప్పుడు అది అడ్డుగా కనిపిస్తుంది. కత్తిరిస్తే చూడ్డానికీ బాగుంటుంది, నెట్ వేగమూ పెరుగుతుందనుకుంటారు. వేగం పెరగదు. పైగా కొంత వెలుగు పోతుంది.

ఆ వైరులో చాలా భాగం రక్షణే. పైన తొడుగు, పక్కల బలానికి రెండు సన్న తీగలు, మధ్యలో గాజుపోగు. వెలుగు నడిచే దారి ఆ పోగు నడిమధ్యన సుమారు 9 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు కూడా లేదు. కంటికి కనిపించని పరారుణ కాంతి అందులో కిలోమీటరు వెళ్లినా తరిగేది ఏడెనిమిది శాతానికి మించదు. ఇక ఇరవై మీటర్లలో ఏం తరుగుతుంది? ఆ దూరం దాటడానికి పట్టే సమయం సెకనులో కోటో వంతు.

గాజుకు ఈ స్వచ్ఛత ఊరికే రాలేదు. 1966లో ఇంగ్లండులో పనిచేస్తున్న చార్లెస్ కావ్, వెలుగును మింగుతున్నది గాజు కాదనీ అందులోని మలినాలనీ చూపాడు. కిలోమీటరు దాటాక నూరో వంతు వెలుగు మిగిలినా కబుర్లు పంపవచ్చని లెక్కకట్టాడు. 1970లో కార్నింగ్ సంస్థ ఆ హద్దును అందుకుంది. కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది. మన గోడ మూలనున్న వైరు ఆ హద్దును ఎన్నో రెట్లు దాటిన గాజు. ఈ సంగతి తెలిశాక దాన్ని మామూలు కరెంటు తీగలా చూడలేం.

కత్తిరిస్తే మళ్లీ అతకాలి. అసలు నష్టం ఆ అతుకు దగ్గరే. రాగి తీగల్లా మెలిపెట్టి కలపడం కుదరదు. తొమ్మిది మైక్రోమీటర్ల దారులు రెండూ సూటిగా ఎదురుపడాలి, కోసిన ముఖం నున్నగా ఉండాలి, మధ్యలో దుమ్ము చేరకూడదు. ఇంటి దగ్గర అక్కడికక్కడే బిగించే కనెక్టరులో దాదాపు 0.3 డెసిబెల్ పోవడం మామూలే. కిలోమీటరుకు కాస్త తక్కువ వైరు మింగేంత వెలుగు అది! గాజును కరిగించి అతికే స్ప్లైసింగ్ యంత్రంతో చేస్తే నష్టం చాలా తక్కువ. ఆకుపచ్చ కనెక్టరు ముఖం 8 డిగ్రీలు వాలుగా ఉంటుంది, నీలం దానికి వాలు ఉండదు. ఆ రెండింటినీ ఒకదానికొకటి బిగించకూడదు.

కాబట్టి మిగిలిన వైరును అరచేతి వెడల్పుకు తగ్గకుండా గుండ్రంగా చుట్టి, బిగించకుండా కట్టి ఉంచండి. తలుపు సందులో నలిగినా, మూల దగ్గర మడతపడినా వెలుగు బయటికి కారిపోతుంది. బాక్సు మీద సిగ్నల్ అందడం లేదని చెప్పే ఎల్‌ఓఎస్ ఎర్రదీపం వెలగడానికి తరచూ ఇదే కారణం.

వైఫై మరో గదికి అందాలంటే ఫైబర్‌ను కదిలించకుండా, బాక్సు నుంచి ల్యాన్ కేబుల్ లాగి అక్కడ వేరే రూటర్ పెట్టుకోవడం నా దృష్టిలో మేలైన దారి. క్యాట్-6 కేబుల్ వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని మోస్తుంది. ఫైబర్‌నే మార్చక తప్పకపోతే టెక్నీషియన్‌ని పిలిచి, పనికి ముందూ తర్వాతా, అందే వెలుగును కొలిచే పవర్ మీటర్ అంకె చూపించమనండి. మైనస్ 20 డీబీఎం దగ్గర ఉంటే నిశ్చింత, మైనస్ 27కు చేరితే లైను తెగే అంచున ఉన్నట్టే. విప్పిన కనెక్టరులోకి కన్ను పెట్టి చూడకండి. తెగిన గాజు ముక్కలు చర్మంలో దిగితే కనిపించవు. వాటిని చేత్తో ఊడ్చకుండా సెల్లోటేపుకు అంటించి తీసేయాలి.