ఊళ్లోనే ఉండే పెద్దల డాక్టరు కావాలి

2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలని, మంచం పట్టినవాళ్లను ఇంటికే వెళ్లి చూడాలని అందులో పెట్టారు. మంచి ఆలోచన. కానీ ముసలివాళ్ల కష్టం బీపీ, షుగరు చూసి బిళ్లలిస్తే తీరేది కాదు.

ఆ వైపే ఓ ఊళ్లో ఎనభై దాటిన అవ్వ మందుల సంచి చూశాను. ఆర్‌ఎంపీ ఇచ్చిన బీపీ బిళ్ల ఒకటి, టౌన్లో డాక్టరు రాసింది ఇంకొకటి. అట్టల మీద పేర్లు వేరు, మందు ఒకటే: ఆమ్లోడిపిన్. అది ఎక్కువైతే కొందరికి కాళ్లు వాస్తాయి. ఆ వాపు చూసి మరెవరో నీరు పోయే బిళ్ల రాశారు. దాంతో రాత్రిళ్లు పదేపదే లేవాలి, చీకట్లో దొడ్లోకి నడవాలి. లేవగానే కళ్లు తిరుగుతున్నాయట. “ఏది ఎందుకో నాకేం తెలుసు నాయనా, రంగు చూసి వేసుకుంటా” అంది. ఇలాంటివాళ్లు ఒక్కసారి జారిపడి తుంటి ఎముక విరిగితే, మళ్లీ మునుపటిలా తిరగడం చాలామందికి కుదరదు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకు ఫోన్ వెళ్లేది అప్పుడే.

ఆమెకు కొత్త మందు రాసే డాక్టరు అక్కర్లేదు. ఉన్నవాటిలో ఏది తీసేయాలో తెలిసిన డాక్టరు కావాలి. అది ప్రత్యేకంగా నేర్చుకోవాల్సిన విద్య. పడే ముప్పును ముందే పసిగట్టడమూ అందులో భాగమే. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమంటే 12 సెకన్లు దాటిందా, పడిపోయే ముప్పు ఉన్నట్టే. ఈ పరీక్షకు వాచీ ఒక్కటి చాలు. మనిషి మాట్లాడనిది చెవుడు వల్లనా, మతిమరుపు వల్లనా, ఒంటరిగా ఉండి తిండి మానేయడం వల్లనా అన్నది ఇంటికి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లో 65 దాటినవారిలో బాగా నీరసించినవాళ్లను గుర్తించి, ఏటా వాళ్ల మందులు సరిచూడాలని 2017లో ఫ్యామిలీ డాక్టర్ల ఒప్పందంలోనే రాశారు. తమ క్లినిక్ వదలకుండానే పెద్దల వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లు అక్కడున్నారు. మన దగ్గరా వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం 2010-11లోనే మొదలైంది. పీహెచ్‌సీలో వారానికోసారి వృద్ధుల క్లినిక్ నడపాలని అందులో ఉంది.

మరి నడిపేదెవరు? పీహెచ్‌సీలో చేరిన యువ డాక్టరు స్పెషలిస్టు కావాలంటే పీజీ సీటు తెచ్చుకుని ఊరు వదలాల్సిందే. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఊళ్లో ఉంటూనే ఎదిగే దారి మనం సరిగా వేయలేదు. అవ్వ సంగతులన్నీ తెలిసిన డాక్టరు వెళ్లిపోతే, వచ్చినవాళ్లు మళ్లీ బీపీ దగ్గర మొదలుపెట్టాలి.

పీహెచ్‌సీలో పనిచేస్తూనే పూర్తిచేయగల పెద్దల వైద్యం కోర్సును ప్రభుత్వాలు పెట్టాలి. జీతంలో, ప్రమోషన్‌లో దానికి విలువ ఇవ్వాలి. ఈలోగా పిల్లలకో మాట. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల మందులన్నీ, చీటీలతో సహా, ఒకే డాక్టరు ముందు పెట్టండి. ఏదీ మీ అంతట మీరు ఆపించకండి.