ఎడారి కోటలో ఆదోని ఆనవాళ్లు

శీతాకాలం సంచికకు రాజస్థాన్ ఎడారి కోటల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. జైసల్మేర్, జోధ్‌పుర్, బీకానేర్. మూడూళ్లకూ సమానంగా పేజీలు, పెద్ద పెద్ద ఫొటోలు, చివర్లో రైళ్లు, తిండి వివరాలు. గురువారం సాయంత్రానికల్లా కాపీ బల్ల మీద ఉండాలి. ఆ పంపకం బీకానేర్‌లో చెడిపోయింది. జైసల్మేర్, జోధ్‌పుర్ ఇప్పుడు కింద ఒక బాక్సులో ఇరుక్కుని కూర్చున్నాయి. వాటి అభిమానులు మన్నించాలి. అయినా కేలండర్ల మీద అవి ఎప్పుడూ ఉండేవే.

బీకానేర్ కోట పేరు జునాగఢ్. గుజరాత్‌లోని జునాగఢ్ వేరు, ఇది వేరు. ఎడారి కోట అనగానే కొండ కొమ్మున పసుప్పచ్చ గోడలు ఊహించుకుని వెళ్లేవాళ్లకు ఇక్కడ మొదటి చూపులోనే నిరాశ. కొండ లేదు. చదును నేల మీద, ఆటోల హారన్లు వినిపించేంత దగ్గర్లో, దుల్మేరా ఎర్రరాతి గోడలు, 37 బురుజులు. శత్రువు ఎక్కిరానక్కర్లేదు, నడిచొస్తే చాలు. మరి ఏ ధైర్యంతో కట్టారు? చుట్టూ ఉన్న ఎడారే కాపలా అన్నది ఒక జవాబు. నీళ్లబావులు ఎక్కడున్నాయో తెలియని సైన్యం ఇక్కడిదాకా రావడమే గగనం. ఢిల్లీ, ఆగ్రాలతో సఖ్యత రెండో జవాబు. నాకు ఈ రెండోదే ఎక్కువ నమ్మబుద్ధవుతుంది. 1589లో పనులు మొదలుపెట్టి 1594కి పూర్తిచేసిన రాజా రాయ్‌సింగ్ అక్బర్ సేనానుల్లో ఒకడు మరి.

గైడ్ల కథ వేరే. ఈ కోటను ఎవరూ జయించలేదు, 1534లో బాబరు కొడుకు కామ్రాన్ మాత్రం ఒకే ఒక్క రోజు పట్టుకోగలిగాడు అని చెబుతారు. వినడానికి బాగుంటుంది. 1534 నాటికి ఈ కోట లేదు కదా అని అడిగితే అంత బాగుండదు. కామ్రాన్ వచ్చింది బీకానేర్ మీదికే, కానీ అప్పటికున్నది అంతకు ముందరి పాత కోట. రాజస్థాన్‌లో ఏ కోటకు వెళ్లినా 'అజేయం' అనే మాట ప్రవేశ టికెట్‌తో పాటే చేతికొస్తుంది. నేను దాన్ని జేబులో పెట్టేసుకుని ముందుకు నడుస్తాను.

లోపలికి వెళ్లాక మాత్రం నోరు మూతపడుతుంది. బాదల్ మహల్ అని ఒక గది. గోడల నిండా నీలిమబ్బులు, మెలికలు తిరిగిన మెరుపులు, కింద వాన చారలు. ఏడాదికి 300 మిల్లీమీటర్లు కూడా సరిగా పడని ఊళ్లో రాజుగారు మబ్బుల్ని గోడ మీదికి దింపించుకున్నారు. మన అనంతపురంలోనే దీనికి దాదాపు రెట్టింపు వాన. ఇక అనూప్ మహల్. ఎర్రటి పూత మీద బంగారు లతలు, అద్దపు ముక్కలు, మధ్యలో సింహాసనం. ఇది ఉస్తా కుటుంబాల పనితనం. ముందు లతను గోడ మీద కాస్త ఉబ్బెత్తుగా దిద్ది, దానిపైన బంగారు రేకు పరుస్తారు. అందుకే వెలుతురు పక్కనుంచి పడితే పువ్వు లేచి నిలబడినట్టు కనిపిస్తుంది. ఇదే పనిని ఒంటెతోలు మీద చేసేవాళ్లు బీకానేర్‌లో ఇప్పటికీ ఉన్నారు.

గోడలకు ఇంత బంగారం పూయడానికి డబ్బెక్కడిది? ఈ నేలలో పండేది సజ్జ, మోఠ్ పప్పు. గొర్రెల ఉన్ని, ఒంటెలు, వర్తకుల బిడారుల మీద సుంకాలు, ఇంతే ఆదాయం. అసలు సంపాదన కొలువులోంచి వచ్చింది. బీకానేర్ రాజులకు మొగలుల దగ్గర సైన్యం ఉద్యోగం. ఆ ఉద్యోగం వాళ్లను తరచూ పంపిన చోటు దక్కను. కోట కట్టిన రాయ్‌సింగ్ 1612లో బుర్హాన్‌పుర్‌లో పోయాడు. ఆయన మునిమనవడి తరం దాకా కథ మారలేదు. కరణ్‌సింగ్ 1669లో ఔరంగాబాద్‌లో కన్నుమూశాడు, ఆయన పేరున అక్కడ కరణ్‌పురా అని ఒక పేట కూడా ఉంది. కరణ్‌సింగ్ కొడుకు, అనూప్ మహల్‌కు పేరిచ్చిన అనూప్‌సింగ్, 1698లో చనిపోయాడు. ఎక్కడంటే, మన ఆదోనిలో.

కర్నూలు జిల్లా ఆదోని. పత్తి మార్కెట్ ఉన్న ఆదోని. చిన్నప్పుడు సెలవులకు మేనత్త ఇంటికి వెళ్లి, ఎండలో ఆ రాతికొండలెక్కి తిట్లు తిన్న నాకు, థార్ ఎడారిలో ఆ పేరు ఎదురవడంతోనే ఎడిటర్ చెప్పిన పంపకం ఎగిరిపోయింది.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. రావ్ బీకా 1488లో ఊరు కట్టాడు. రాయ్‌సింగ్ కోట కట్టాడు. 1669లో అనూప్‌సింగ్ గద్దెనెక్కాడు, ఔరంగజేబు ఆయనకు మహారాజా బిరుదిచ్చాడు. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాయి. తర్వాతి రాజులు తలా ఒక మహలు కలుపుకుంటూ పోయారు. బ్రిటిష్ కాలంలో గంగాసింగ్ 1919 వెర్సాయ్ ఒప్పందం మీద సంతకం చేశాడు, 1927లో ఎడారికి కాలువ తెచ్చాడు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాన్ని కోటలో పెట్టించాడు. 20వ శతాబ్దం మొదట్లో రాజకుటుంబం లాల్‌గఢ్ ప్యాలెస్‌కు మారింది, పాత కోటకు జునాగఢ్ అన్న పేరు అప్పటిదే. ఇక అసలు సంగతికి వద్దాం.

చుక్కలు చెప్పే చిరునామా

బీకానేర్ ఆయుధశాల వస్తువుల మీద ఒక గుర్తుంటుంది. మొన తేలిన పనిముట్టుతో ఇనుము మీద ఒక్కొక్క చుక్కే కొట్టుకుంటూ పోయి, ఆ చుక్కలతో నాగరి అక్షరాలు రాశారు. కఠారుల మీద, కత్తుల మీద, ఇనుప గొలుసుల కవచాల మీద. రాసినవాడు కవి కాదు, శిల్పి కాదు. వస్తువు లెక్క తప్పకూడదని తాపత్రయపడిన ఒక కార్ఖానా గుమాస్తా. అందుకే అందులో పొగడ్తలుండవు. ఏ మహారాజు కాలంలో వచ్చింది, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎన్నో నంబరు. ఆ ఎక్కణ్ణుంచి అన్నచోట చాలా వస్తువుల మీద కనిపించే పేరు ఆదోని. ఆయుధాలు చదివే పరిశోధకులు ఎక్కువమంది ఈ రాబడిని 1689 నాటిదిగా లెక్కగడతారు.

అవి ఆదోనిలో ఎలా పోగుపడ్డాయి? విజయనగరం కాలంలో ఆదోని దుర్గం పెద్ద కాపలా కోట. తళ్ళికోట యుద్ధం తర్వాత, 1568లో, బీజాపూర్ సుల్తానులు దాన్ని తీసుకున్నారు. చివరి ఏలిక సిద్ది మసూద్ అనే హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలున్న, సర్దారు. బీజాపూర్‌లోనే కొంతకాలం రాజప్రతినిధిగా చక్రం తిప్పి, ఆ గొడవలతో విసిగి ఆదోని వచ్చి స్థిరపడినవాడు. బీజాపూర్ పడిపోయాక కూడా ఆయన లొంగలేదు. చివరికి 1688లో మొగలు సేనాని ఫిరోజ్‌జంగ్ వచ్చి ముట్టడించాడు. ఈ ఫిరోజ్‌జంగ్ కొడుకే తర్వాత హైదరాబాద్ మొదటి నిజాం. మసూద్‌కు తాను ఊళ్లో కట్టించిన మసీదు ప్రాణమనీ, మొగలులు ఫిరంగుల్ని దానివైపు తిప్పేసరికి చేతులెత్తేశాడనీ ఆదోనిలో చెప్పుకుంటారు. మొగలులు ఊరికి ఇంతియాజ్‌గఢ్ అని కొత్త పేరు పెట్టారు. ఆ పేరు నిలవలేదు. కోట పెత్తనం కొద్దికాలానికే అనూప్‌సింగ్‌కు వచ్చింది.

బీకానేర్ చుక్కలున్న దక్షిణాది కఠారుల్ని చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. పిడి దగ్గర చేతిని కాపాడే రేకు మీద యాళి, చిలక, నెమలి. ఇనుమును చిల్లులు కోసి జాలీలా మలిచారు. మన గుళ్ల స్తంభాల మీద ఉండే యాళే అది. అలుగు మాత్రం చాలాసార్లు యూరప్‌ది. ఓడల్లో వచ్చిన పొడవాటి కత్తుల్ని పొట్టిగా కోసి, ఇక్కడి పిడికి రివెట్లు కొట్టి బిగించేవారు. పరాయి ఉక్కు, దక్షిణాది కమ్మరి పిడి, బీజాపూర్ సుల్తాను కోట, మార్వాడీ గుమాస్తా చుక్కలు. ఇంత ప్రయాణం ఒక మూరెడు ఇనుములో. వాటిలో కొన్ని బీకానేర్ నుంచి కూడా దాటిపోయాయి. లండన్ వేలంపాటల్లో అమ్ముడయ్యాయి, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియందాకా వెళ్లాయి. ఎక్కడికెళ్లినా చుక్కలు వాటితోనే వెళ్లాయి. మ్యూజియంవాళ్లు వస్తువు పుట్టుపూర్వోత్తరాలు రాయడానికి ఆ గుమాస్తా మీదే ఆధారపడుతున్నారు.

ఆయుధాలతోనే అయిపోలేదు. దక్కను దండయాత్రల్లో అనూప్‌సింగ్ దేవతా విగ్రహాలు కూడా తెచ్చాడు. వాటి కోసం కోటలో ఒక గుడి ఉంది, పేరు ముప్పైమూడు కోట్ల దేవతల గుడి. తాళపత్రాలు, రాతప్రతులు తెచ్చాడు. ఆయన కొలువులో భావభట్టు అనే సంగీత శాస్త్రకారుడు రాజు పేరు కలిసొచ్చేలా 'అనూపసంగీతవిలాసం', 'అనూపసంగీతరత్నాకరం' రాశాడు. ఆ రాతప్రతులన్నీ ఇప్పుడు లాల్‌గఢ్‌లోని అనూప్ సంస్కృత గ్రంథాలయంలో ఉన్నాయి. కాశీలో చెల్లాచెదురైన, కవీంద్రాచార్య సరస్వతి అనే పండితుడి గ్రంథాలు కూడా కొన్ని చివరికి చేరింది ఇక్కడికే.

బీకానేర్‌లో వినిపించే కథ ప్రకారం ఔరంగజేబు సైనికులు విగ్రహాల్ని కరిగించేస్తారని, పుస్తకాల్ని తగలబెడతారని భయపడి అనూప్‌సింగ్ వాటిని డబ్బిచ్చి మరీ కాపాడాడు. నమ్మకూడదని కాదు. పుస్తకాల పిచ్చి ఉన్న రాజు అనడానికి ఆ గ్రంథాలయమే సాక్ష్యం. కానీ ఆ సైన్యంలో సేనాని ఎవరు? ఆయనే. కఠారిని గెలుచుకున్నామంటారు, విగ్రహాన్ని కాపాడామంటారు. రెండూ ఒకే దారిన, ఒకే జెండా కింద వచ్చాయి. రాజు మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది. గుమాస్తా చుక్కలు మాత్రం ఈ గొడవలోకి రావు. ఆదోని నుంచి వచ్చింది అంటాయి, అంతే.

కోట ద్వారాల్లో ఒకటైన దౌలత్ పోల్ దగ్గర గోడ మీద ఎర్రటి అరచేతి గుర్తులున్నాయి. సహగమనం చేసిన రాజకుటుంబ స్త్రీలవి. జనం వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. గైడు వీరగాథ అందుకుంటాడు. నాకు అక్కడ వేరే లెక్క తోచింది. రాజు దక్కనులో పోతే కబురు ఇక్కడికి రావడానికే వారాలు పట్టేది. దక్కను కొలువు తెచ్చిన బంగారం లోపలి గదుల్లో ఉంది. దానికి చెల్లించిన మూల్యంలో కొంత ఈ గోడ మీద ఉంది. టికెట్ ఒకటే కాబట్టి రెండూ చూడండి.

బాక్సు: మిగతా రెండూళ్లు

జైసల్మేర్: 1156లో రావల్ జైసల్ మొదలుపెట్టిన కోట. లోపల ఇప్పటికీ ఇళ్లు, దుకాణాలు, జైన మందిరాలు ఉన్నాయి. 2013 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. సత్యజిత్ రే 'సోనార్ కెల్లా' (1974) తీశాక పర్యాటకులు పెరిగారు, వాళ్లతో పాటే నీళ్ల వాడకమూ పెరిగింది. బిందెలతో మోసిన నీళ్లకు సరిపోయిన కొండలోకి పైపుల నీళ్లు ఇంకి పునాదులు మెత్తబడుతున్నాయి. కోట చూడండి, బస మాత్రం కింద ఊళ్లో పెట్టుకోండి.

జోధ్‌పుర్: మెహ్రాన్‌గఢ్‌కు 1459లో రావ్ జోధా పునాది వేశాడు. మ్యూజియంలో మొగలుల కాలపు ఎర్ర మఖమల్ డేరాను వదలొద్దు. పైనుంచి చూస్తే ఎదురుగా కనిపించే ఉమైద్ భవన్ కరువు పని. 1929లో మొదలుపెట్టి వేలమందికి కూలి ఇస్తూ 1943దాకా కట్టారు. ఇప్పుడు ఒక భాగం హోటల్, గది అద్దె అడగకపోవడమే ఆరోగ్యం.

బాక్సు: ప్రయాణం

నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. రాత్రులు గజగజలాడిస్తాయి, స్వెటర్ తప్పనిసరి. జోధ్‌పుర్ నుంచి బీకానేర్ సుమారు 250 కిలోమీటర్లు, జైసల్మేర్ నుంచి 330. జునాగఢ్‌కు సగం రోజు కేటాయించండి. ఊరికి 8 కిలోమీటర్ల దూరంలో దేవీకుండ్ దగ్గర రాజుల ఛత్రీలు, అంటే స్మారక మండపాలు, ఉన్నాయి, అనూప్‌సింగ్‌ది 16 స్తంభాలది. సాయంత్రం భుజియా కొనండి, మోఠ్ పిండితో చేసిందేనా అని అడిగి మరీ కొనండి.

బాక్సు: అంత దూరం వెళ్లలేనివారికి

ఆదోని గుంతకల్లు, రాయచూరు మధ్య రైల్వే స్టేషన్. సిద్ది మసూద్ మసీదు ఊళ్లోనే ఉంది. కోట గోడలు కొండల మీద ముక్కలు ముక్కలుగా మిగిలాయి. టికెట్ లేదు, గైడూ లేడు. పొద్దున్నే ఎక్కండి, తొమ్మిది దాటితే రాయి కాలిపోతుంది. నీళ్లు మీరే తీసుకెళ్లాలి.