వరిపైరు – భారలోహములు: ఖనిజ పోషకముల సాయమెంత?

పట్టణముల మురుగునీరు, కర్మాగారముల వ్యర్థజలము, గనుల కడుగునీరు కలిసిన కాలువల క్రింద వరి సాగుచేయు రైతులకు కొత్త చిక్కు ఒకటి ఏర్పడినది. ఆ నీటిలో నత్రజని వంటి పోషకములుండుటచే పైరు పచ్చగా, ఏపుగా పెరుగును. కాని ఆ నీటితోబాటు కాడ్మియము, సీసము, ఆర్సెనిక్, క్రోమియము వంటి విషధాతువులు కూడ మడిలోనికి చేరవచ్చును. వీటినే సాధారణముగా భారలోహములందురు. సేంద్రియ పదార్థము కుళ్లి పోవును; నత్రజని గాలిలో కలియును; భారలోహములు మాత్రము నేలను వదలవు. ఏటేటా కొద్దికొద్దిగా పేరుకొనును.

ఇట్టి నేలలలో కొన్ని ఖనిజ పోషకములను వాడి పైరుకు ఓర్పు కలిగింపవచ్చునని పరిశోధనల వలన తేలినది. అవి ఏవి, ఎట్లు పనిచేయును, ఎచ్చట పనిచేయవు అను సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

జపాను నేర్పిన పాఠము

జపాను దేశమున తొయామా మండలములో జింజూ అను నది కలదు. దాని ఎగువ కామియోకా జింకు గని ఉండెడిది. జింకు ఖనిజముతో కాడ్మియము కలిసియుండుట సహజము. గని కడుగునీరు నదిలోను, నదినీరు వరిమళ్లలోను చేరినది. ఆ బియ్యము తిని, ఆ నీరు త్రాగినవారికి మూత్రపిండములు చెడి, ఎముకలు మెత్తబడి, కొద్దిపాటి కదలికకే విరిగెడివి. బాధితులలో అధిక సంఖ్యాకులు పలుమార్లు ప్రసవించిన, వయసు మళ్లిన స్త్రీలు. వారు బాధతో పెట్టిన కేకలే ఆ వ్యాధికి పేరైనవి. “ఇతాయి ఇతాయి” అనగా “నొప్పి, నొప్పి” అని అర్థము. దీనికి మూలము కాడ్మియమని ఆ దేశ ప్రభుత్వము 1968లో అంగీకరించినది. చెడిన పొలములపై మంచి మన్ను పరచి బాగుచేయు పని 2012 వరకు సాగినది.

మన ప్రాంతములోను జాగ్రత్త పడవలసిన చోట్లు లేకపోలేదు. హైదరాబాదు దిగువ మూసీ నీటితో వరి, పశుగ్రాసము, ఆకుకూరలు పండించుచున్నారు. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతమున నక్కవాగు పరిసరములలో నేల, నీరు కలుషితమైన సంగతి న్యాయస్థానముల వరకు వెళ్లినది. ఇక పశ్చిమ బెంగాలు, బంగ్లాదేశములలో గొట్టపుబావుల నీటిలో సహజముగానే ఆర్సెనిక్ ఉండి, ఆ నీటితో పండించు వేసవి వరికి సంక్రమించుచున్నది.

లోహము పైరులోనికి వచ్చు దారి

వేరు తనకు కావలసిన పోషకములను పీల్చుకొనుటకు వేరు వేరు ద్వారములు కలిగియున్నది. విషధాతువులకు ప్రత్యేక ద్వారములు లేవు. తమను పోలిన పోషకముల ద్వారములలో దొంగచాటుగా ప్రవేశించును. కాడ్మియము ముఖ్యముగా మాంగనీసు ద్వారమున వచ్చునని 2012లో కనుగొనిరి. ఆర్సెనిక్, నీరు నిలిచిన మడిలో ఏ రూపమున ఉండునో ఆ రూపము, సిలికా ద్వారమున వచ్చునని జపాను శాస్త్రజ్ఞులు 2008లో తెలిపిరి. వరి ఇతర ధాన్యములకంటె ఎక్కువ సిలికాను పీల్చును గనుక, ఆర్సెనిక్‌ను కూడ ఎక్కువగా పీల్చుచున్నది.

ఖనిజ పోషకముల ప్రయోజనమంతయు ఇందే ఇమిడియున్నది. ద్వారము వద్ద మంచి పోషకము సమృద్ధిగా ఉన్నచో చెడు ధాతువుకు చోటు తగ్గును.

సిలికా

వరి ఆకు అంచు చేతిని కోయుటకు, ఊక గరుకుగా నుండుటకు సిలికాయే కారణము. హెక్టారుకు 5 టన్నుల ధాన్యము నిచ్చు పైరు సుమారు 230 నుండి 470 కిలోల సిలికాన్ తీసికొనును. ఎకరాకు 20 క్వింటాళ్ల దిగుబడిపై లెక్కించిన, ఇది సుమారు 200 నుండి 400 కిలోల సిలికాకు సమానము. గడ్డిని ఏటా పొలము నుండి తరలించుటచేతను, ఊకను మరల చేర్చకుండుటచేతను ఈ నిల్వ తరిగిపోవుచున్నది.

సిలికా రెండు విధముల మేలు చేయును. ఒకటి, ఆర్సెనిక్‌తో పోటీపడి దానిని వేరు వద్దనే తగ్గించును. రెండు, వేరు గోడలలో పేరుకొని, కాడ్మియము వంటివి పైకి పోవు దారిని ఇరుకు చేయును. ఇదిగాక కాండము గట్టిపడి పైరు పడిపోకుండ నిలుచును. అగ్గితెగులును కొంత తట్టుకొనును.

ఇందుకు చవుకైన వస్తువు ఊక బూడిద. క్వింటాలు ధాన్యమునుండి సుమారు 20 కిలోల ఊక, ఆ ఊకనుండి సుమారు 4 కిలోల బూడిద వచ్చును. 20 క్వింటాళ్ల పంటకు 80 కిలోల బూడిద, అందులో సుమారు 70 కిలోల సిలికా లభించును. అనగా పైరు తీసికొనిన దానిలో ఆరవ వంతు నుండి మూడవ వంతు వరకు తిరిగి ఇచ్చినట్లగును. మిగిలినది గడ్డిలో ఉన్నది. తక్కువ వేడిమిని కాలిన నల్లని బూడిదలోని సిలికా నేలలో త్వరగా కరుగును. బాగా ఎక్కువ వేడిమిని కాలి తెల్లబడిన బూడిదలోనిది అంత త్వరగా కరుగదు. బూడిదను నారుమడిలోను, ఆఖరి దమ్ములోను కలుపవచ్చును. కాల్షియము సిలికేటు దొరికినచో హెక్టారుకు 120 నుండి 200 కిలోలు, అనగా ఎకరాకు సుమారు 50 నుండి 80 కిలోలు వాడవచ్చును.

ఒక హెచ్చరిక. కలుషిత నేలలో పండిన గడ్డిలో గింజలో కంటె ఎక్కువ లోహముండును. అట్టి గడ్డిని అదే పొలములో దున్నినచో తీసిన విషమును మరల పోసినట్లే. ఊక, గడ్డి మంచి నేలల నుండి తెచ్చినవై యుండవలెను.

జింకు

కాడ్మియము, జింకు సోదర ధాతువుల వంటివి. నేలలో జింకు లోపించినపుడు వేరు జింకు కొరకు ఆత్రపడి కాడ్మియమును కూడ లోనికి తీసికొనును. కనుక జింకు లోపమున్న పొలములలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దమ్ములో వేయవలెను. భాస్వరపు ఎరువుతో దీనిని కలుపరాదు. పైరుపై లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి 5 రోజుల ఎడముతో రెండు మూడు సార్లు చల్లవలెను.

జింకు సమృద్ధిగా ఉన్న నేలలో మరికొంత వేయుట వలన లాభము లేదు. జింకు కూడ లోహమే; మితిమీరిన అదియును విషమగును. పైన జింజూ నది ఉదంతమున చెప్పినట్లు, జింకు ఖనిజమున కాడ్మియము కలిసియుండును గనుక, పేరులేని మిశ్రమములను కొనరాదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము ఏడు నీటి అణువుల జింకు సల్ఫేటులో 21 శాతము జింకు ఉండవలెను, సీసము 0.003 శాతమునకు మించరాదు. పట్టణపు చెత్తతో చేసిన కంపోస్టులో కిలోకు కాడ్మియము 5 మిల్లీగ్రాములు, సీసము 100 మిల్లీగ్రాములు మించరాదని నియమము. సంచిపై వివరములు చదివి, రసీదు తీసికొనుట మరువరాదు.

సున్నము

ఆమ్లనేలలలో కాడ్మియము సులభముగా కరిగి వేరుకు అందును. భూసార పరీక్షలో ఉదజని సూచిక 6 కంటె తక్కువ ఉన్నచో, పరీక్ష సూచించిన మోతాదులో సున్నము వేయుట మేలు. నల్లరేగడి, చౌడు నేలలకు సున్నము అక్కరలేదు; వేసిన జింకు లోపము హెచ్చును. ఆర్సెనిక్ ఉన్నచోట సున్నము మేలు చేయకపోగా కీడు చేయవచ్చును.

నీరు: ఒకదానికి మందు, ఇంకొకదానికి విషము

మడిలో నీరు నిలిపినపుడు కాడ్మియము గంధకముతో కలిసి కరుగని రూపము పొందును. అందుచే జపానులో వెన్ను వెడలుటకు 3 వారముల ముందు నుండి 3 వారముల తరువాత వరకు నీరు ఎండనీయరు. కాని అదే నీరు ఆర్సెనిక్‌ను నేలనుండి విడిపించి వేరుకు అందించును. ఆర్సెనిక్ ఉన్నచోట మడిని తడుపుచు ఆరబెట్టుచు సాగుచేయుట మేలు. ఏ లోహమున్నదో తెలియకుండ వైద్యము చేసినచో ఒక విషమును తగ్గించి మరొక దానిని పెంచుట జరుగును.

కావున మొదటి పని పరీక్ష. 2015లో మొదలైన భూసార ఆరోగ్య పత్రములో 12 అంశములు చూచెదరు. వానిలో జింకు, ఇనుము ఉన్నవి గాని కాడ్మియము, ఆర్సెనిక్, సీసము లేవు. భారలోహముల పరీక్ష కావలెనని ప్రత్యేకముగా కోరవలెను. గ్రామాధికారులు ఒక్కొక్క రైతును వేరుగా పంపుటకంటె, ఒకే కాలువ క్రింది పొలముల నమూనాలను, కాలువ నీటిని కలిపి వ్యవసాయాధికారి ద్వారా పంపుట మంచిది. మడిలో 8, 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మన్ను తీసి, కలిపి, అర కిలో మిగిల్చి శుభ్రమైన సంచిలో వేయవలెను. తుప్పు పట్టిన, జింకు పూత పూసిన పనిముట్లు వాడరాదు.

ఓర్పు వేరు, శుద్ధి వేరు

రైతు సోదరులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన విషయమిది. కాడ్మియము మనిషికి హాని చేయునంత గింజలో చేరినను, పైరుపై ఏ గుర్తును కనబడక పోవచ్చును. ఆకు పచ్చగా, దిగుబడి నిండుగా ఉండును. ఆర్సెనిక్ మితిమీరిన చోట మాత్రము గింజ కట్టక వెన్నులు నిటారుగా నిలుచుట కనవచ్చును. కాబట్టి ఖనిజ పోషకములు వేసిన తరువాత పైరు బాగుపడినదని తృప్తిపడి ఊరకుండరాదు, గింజను పరీక్షింపవలెను. తెల్లబియ్యమున కిలోకు కాడ్మియము 0.4 మిల్లీగ్రాములు, అకర్బన ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణము.

పరీక్షలో హద్దు కొద్దిగా మించినచో సిలికా, జింకు, నీటి యాజమాన్యము ఉపకరించును. చాల మించినచో ఏ ఖనిజమును ఆ బియ్యమును భోజనయోగ్యము చేయజాలదు. అట్టి పొలములో తిండిపంట మాని, ప్రత్తి వంటి పంటను గాని, చెట్లను గాని ఎంచుకొనుటయే విజ్ఞత. ఆకుకూరలు, పశుగ్రాసము అసలే తగవు. గ్రాసములోని లోహము పశువు కడుపున చేరును. కాడ్మియమును అతి తక్కువగా పీల్చు వరి రకమును జపానువారు కోషిహికారినుండి రూపొందించిరి. అట్టి రకములపై కృషి పలుచోట్ల సాగుచున్నది.

వీటన్నిటికంటె ముఖ్యమైనది విషమును కాలువలోనికి రానీయకుండుట. పొలములో ఎంత సిలికా వేసినను, ఎగువనుండి వ్యర్థజలము వచ్చుచున్నంత కాలము ఆ శ్రమ చిల్లికుండలో నీరు పోసినట్లగును. నీటి రంగు, వాసన మారిన రోజున గ్రామాధికారులు తేదీ వేసి వ్రాసియుంచి, సీసాలో నమూనా పట్టి, కాలుష్య నియంత్రణ మండలికి తెలుపవలెను. నేల చెడుటకు కొన్ని ఏండ్లు చాలును. బాగుపడుటకు తరములు పట్టును.