కార్లైల్ బాలుర బంతియాట

సోదరీమణులారా! బంతియాట మగపిల్లల ముచ్చట, దానితో మనకేమి పని యని మీరనవచ్చును. కాని మేమిప్పుడు చెప్పబోవు కథ ఆటగాండ్రకెంత సంబంధించినదో తల్లులకును అంత సంబంధించినది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున కార్లైల్ అను నూరు కలదు. అచ్చటి పాత సైనికనివాసమునందు 1879వ సంవత్సరమున రిచర్డ్ హెన్రీ ప్రాట్ అను సైనికోద్యోగి ఆదివాసుల బిడ్డలకొక వసతి పాఠశాలను నెలకొల్పెను. వారిని తెల్లవారివలె మార్చవలెనని యాతని సంకల్పము. కొందఱు తల్లిదండ్రులు ఆశతో పంపిరి. మఱికొందఱు ఒత్తిడికి లోబడి పంపిరి. దూరప్రాంతములనుండి పసివారిని రైలుబండ్లలో తెచ్చి, వచ్చినతోడనే జుట్టు కత్తిరించి, సొంతపేరు మాన్పి క్రొత్తపేరు పెట్టిరి. సొంతభాష మాటాడుట తప్పయ్యెను. ఒకపూట చదువు, ఒకపూట పని. బాలికలకు కుట్టుపనియు, బట్టలుతుకుటయు నేర్పి, తెల్లవారి యిండ్లలో పనికి పంపుచుండిరి.

ఈ పాఠశాల బాలురే ఫుట్‌బాలు ఆటలో పెద్ద విశ్వవిద్యాలయముల నెదుర్కొనిరి. అమెరికావారి ఫుట్‌బాలు మనమెఱిగిన కాలిబంతియాట కాదు. బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. దానిని చేతబట్టి పరుగిడవచ్చును, విసరవచ్చును, తన్నవచ్చును. ఎదుటిపక్షమువారు మీదబడి పడద్రోయుదురు. ఇట్టి యాటలో బరువుగలవారిదే పైచేయి. కార్లైల్ బాలురు తేలికవారగుటచే వేగమును, యుక్తిని నమ్ముకొనిరి. గ్లెన్ వార్నరు వారికి శిక్షకుడు.

1912వ సంవత్సరమున జట్టునాయకుడు జిమ్ థార్ప్. ఈతడు సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. కవలసోదరుని చిన్ననాడే పోగొట్టుకొనెను. కొన్నియేండ్లకు తల్లియు గతించెను. ఆ వేసవిలో స్టాక్‌హోము ఒలింపిక్ పోటీలలో రెండు బంగారు పతకములు గెలిచి వచ్చి, శరదృతువున మరల బంతి పట్టెను. ఆ యేడు కార్లైల్‌వారు 14 ఆటలాడి 12 గెలిచిరి. ఒకటి సమమయ్యెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయముచేత మాత్రము 34కు 26గా నోడిరి.

నవంబరు 9వ తేదీన వెస్ట్ పాయింటులో సైనిక విద్యాలయము జట్టుతో తలపడిరి. 1890 డిసెంబరులో వూండెడ్ నీ అను తావున సైనికులు లకోటా తెగవారిని, స్త్రీలనక శిశువులనక, వందలకొలది చంపియుండిరి. అది జరిగి అప్పటికి 22 ఏండ్లు మాత్రమే. ఇప్పుడు ఆదివాసుల బిడ్డలు కాబోవు సైనికోద్యోగుల నెదుర నిలిచిరి. చేత ఆయుధము లేదు, బంతి యొక్కటే. కార్లైల్‌వారికి 27, సైనికులకు 6 వచ్చినవి. ఆనాడు ఓడిన జట్టులోనున్న ఐసెన్‌హోవరు 1953లో దేశాధ్యక్షుడయ్యెను.

గెలుపు వెంట సుఖము రాలేదు. అంతకుముందు కొద్దిపాటి కూలికి బేస్‌బాల్ ఆడెనని 1913లో థార్ప్ పతకములను లాగుకొనిరి. 1982లో నవి మరల నిచ్చిరిగాని, ఆ పోటీలలో నాతడొక్కడే ప్రథముడని యొప్పుకొనుట 2022లో జరిగెను; అప్పటికాతడు గతించి 69 ఏండ్లయ్యెను. పాఠశాలలోని యన్యాయములపై విద్యార్థులే అర్జీ పెట్టగా 1914లో కాంగ్రెసువారు విచారణ జరిపిరి. జట్టులో ముఖ్యుడగు గస్ వెల్చ్ ఆ పనికి పూనుకొనెను. 1918లో పాఠశాల మూతపడెను.

అచ్చటి శ్మశానమున నూటయెనుబదిమందికి పైగా సమాధియైరి. వారిలో పెక్కుమంది బడికని వచ్చి యిల్లు చేరని పిల్లలు. 2017 మొదలు కొందఱి యస్థికలను త్రవ్వించి బంధువుల కప్పగించుచున్నారు. 2024లో దేశాధ్యక్షుడు ఇట్టి పాఠశాలల విషయమై బహిరంగముగా క్షమాపణ చెప్పెను.

ఆ విజయములు పాఠశాల మహిమయని చెప్పువారు కలరు. మేమట్లు తలంపము. బిడ్డల పేరును, భాషను, తల్లియొడిని తీసికొన్నవారు వారి కాళ్లలోని వేగమును, గుండెలోని పట్టుదలను మాత్రము తీసికొనలేకపోయిరి. చదువు బిడ్డకు రెక్కల నీయవలెనుగాని గూటిని మఱపింపరాదు. మన పిల్లలను దూరపు బడులకు పంపునపుడు, అచ్చట వారికేమి నేర్పుదురో అడుగుదుము. వారినుండి యేమి తీసివేయుదురో కూడ అడుగుట తల్లుల విధియని మా మనవి.